అప్‌డేట్: ఫ్రిజ్ చల్లబడి ఆగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది

గ్యాస్ ఎక్కించిన నెలకే మా ఆర్134ఏ (చల్లబరిచే గ్యాస్‌లో ఒక రకం) ఫ్రిజ్ రెండు గంటలు చల్లబడి ఆగిపోతోందని, ఆపి వదిలేస్తే మళ్లీ పనిచేస్తోందని రాశాను. గ్యాస్ పైపుల లోపల తేమ ఉండొచ్చు, గ్యాస్ ఎక్కించినప్పుడు ఫిల్టర్ డ్రయ్యర్ (పైపుల్లోని తేమనీ మడ్డినీ పట్టుకునే చిన్న గొట్టం) మార్చారో లేదో కనుక్కోమని ఇక్కడ కొందరు చెప్పారు. మార్చలేదండీ.

మూడు రోజుల క్రితం వేరే మెకానిక్ వచ్చారు. పాత డ్రయ్యర్‌ని టార్చ్‌తో ఊడదీయకుండా కట్టర్‌తో కోశారు. వేడి చేస్తే అది పీల్చుకున్న నీరు మళ్లీ పైపుల్లోకి పోతుందట. అడిగితే ఆ రాగి గొట్టాన్ని చీల్చి చూపించారు: లోపల గుండ్రటి చిన్న పూసలు, చివర జాలీ మీద నల్లటి మడ్డి. పూసలు తేమతో నిండిపోతే ఇక పీల్చుకోలేవు. మిగిలిన నీరు క్యాపిలరీ (డ్రయ్యర్ తర్వాత వచ్చే చాలా సన్నటి గొట్టం) చివర గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఆపితే కరుగుతుంది. ఆగి ఆగి పనిచేసింది అందుకే!

కొత్తదాని మూతలు సరిగ్గా అతికించబోయే ముందు మాత్రమే తీశారు. క్యాపిలరీ వైపు కిందికి ఉండేలా పెట్టారు. గంటసేపు వ్యాక్యూమ్ పట్టాకే (పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేశాకే) గ్యాస్ ఎక్కించారు. మొదటిసారే ఇది మార్చి ఉంటే రెండోసారి గ్యాస్ ఖర్చు తప్పేది, ఆ బాధ మాత్రం ఉంది.

అప్పటి నుంచి ఒక్కసారీ ఆగలేదు. టెన్షన్ పోయింది. చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.