సంక్రాంతికి పిల్లలతో చెరువు కాడికి: వెదురు గెడా, రీల్ రాడ్డా? వానపామా, పిండి ముద్దా?

బుచ్చి_బుల్లోడు:
పండక్కి అక్కా బావా బెంగుళూరు నుంచి వస్తా ఉండారు. వాళ్ళ పిల్లలిద్దరు, మా పిల్లలిద్దరు, ఆరేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా. ముక్కనుమ రోజు అందరం చేపలకి పోదామనుకున్నాం. కనిగిరి రిజర్వాయర్‌కా, మా ఊరి చెరువుకా అనేది ఇంకా తేలలా. బావ ఫోన్‌లో చూపించినాడు: రెండు రీల్ రాడ్లు, ఒక డబ్బా రబ్బరు చేపలు, స్ట్రాబెర్రీ వాసనొచ్చే పిండి, అంతా కలిపి ఏడు వేలు. మా నాన్న అది చూసి లేచి దొడ్లోకి పొయ్యి వెదురు గెడ ఒకటి నరుక్కొచ్చి గోడకి ఆనించినాడు. నోటి మాట లేదు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతా ఉండా. తెలిసినోళ్ళు చెప్పండి, పిల్లలకి ఏ గాలం, ఏ ఎర?

ఉలవపాడు_మామిడి:
ఏ గాలమైనా పర్లేదు, పులుసులోకి మామిడికాయ దొరకదే జనవరిలో! అది ఆలోచించండి ముందు.

పెన్నా_ఒడ్డు:
మీ నాయన చేసిన పనే నా జవాబు. నలభై ఏళ్ళుగా గాలం వేస్తా ఉండా. ఎనిమిదడుగుల వెదురు గెడ, సన్నంది, కొన వంగేది. గెడ ఎంత పొడుగుందో తంగూసు దారం అంతే కట్టు, ఎక్కువ కడితే పిల్లకాయలు చుట్టుకుంటారు. నీళ్ళ మీద తేలేదానికి జొన్న బెండు ఒక ముక్క, బియ్యపు గింజంత సీసం, చిన్న గాలం. అయిపోయింది. ఎర అంటావా, అంట్లు తోమే కాడ తడిమన్ను పలుగుతో రెండు పోట్లు పొడిస్తే వానపాములు కావలసినన్ని. కొబ్బరి చిప్పలో తడిమన్నుతో పాటు వేసుకో, ఎండ తగలనీయొద్దు. వానపాము తినని చేప పెన్నాలో లేదు, చెరువులో లేదు. స్ట్రాబెర్రీ అంటే ఏందో మన చేపలకి తెలీదు నాయనా.

కార్బన్_గాలం:
పెద్దాయనా, మీ అనుభవానికి దణ్ణం. కానీ "తినని చేప లేదు" అంటే ఒప్పుకోను. బొచ్చె చేప వానపాము తినదు. బొచ్చె నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు. పై నీళ్ళలో తిరుగుతా కంటికి కనపడని నీటి పురుగుల్ని జల్లెడ పట్టినట్టు తింటుంది. శీలావతి నడిమి నీళ్ళలో, మోసు అడుగున బురద కాడ. అందుకే చెరువులో మూడూ కలిపి పెంచుతారు. వానపాము అడుగుకి పోతుంది, కాబట్టి మీకు పడేది మోసు, జెల్ల, మార్పు చేప. బొచ్చె కావాలంటే తవుడు, వేరుశనగ చెక్క పొడి, కాస్త మైదా, చిటికెడు బెల్లం. చపాతీ పిండి కంటే మెత్తగా కలిపి, నిమ్మకాయంత ముద్ద గాలానికి పట్టించి, బెండు కింద రెండు మూడడుగుల్లో వేలాడనివ్వాలి. ముద్ద నీళ్ళలో మెల్లగా విడిపోతా ఉంటే ఆ పొగకి బొచ్చె వస్తుంది. దీనికి రీల్ ఉండి తీరాలి, గట్టు నుంచి ముప్పై నలభై అడుగులు పడాలి కదా.

కనిగిరి_కొండ:
మా కనిగిరిలో రిజర్వాయర్ యాడుందబ్బా? బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉంది గానీ చేపలున్నట్టు నాకు తెలీదే!

బుచ్చి_బుల్లోడు:
అన్నా, అది మీ ఊరు కాదు. బుచ్చిరెడ్డిపాళెం కాడ పెన్నా నీళ్ళొచ్చే రిజర్వాయర్‌కి ఆ పేరు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడగతానే ఉంటారు.

పెన్నా_ఒడ్డు:
బొచ్చె వానపాము తినదంట! నేను నాలుగు కేజీల బొచ్చెని వానపాముతో పట్టినా. ఇంటిల్లిపాదీ రెండు పూటలు తిన్నాం. నీటి పురుగులు తింటుందని నువ్వే అంటివి, వానపాము మరి పురుగు కాదా?

కార్బన్_గాలం:
నీటి పురుగంటే ఆవగింజలో పదో వంతు. వానపాము జానెడు. దానికీ దీనికీ పోలికేంది? మీరు పట్టింది మోసు అయ్యుంటుంది, చీకట్లో పోల్చుకోలేకపోయి ఉంటారు.

పెన్నా_ఒడ్డు:
బొచ్చె తలకాయకీ మోసు తలకాయకీ తేడా తెలియనోడితోనా నువ్వు మాట్లాడేది? తలకాయే కేజీ తూగింది.

కావలి_కోడలు:
ఆ కేజీ తలకాయ తోమిందెవరు పెద్దాయనా? మీరైతే కాదులే. మా ఇంట్లో కూడా ఇదే కత. మగాళ్ళు పొద్దున్నే పొయ్యి మధ్యాహ్నానికి వేలెడంత చేపలు ముప్పై తెచ్చి సింకులో పోస్తారు. పొలుసు తీసేది మేము. కొరమీను తెస్తే ఇంకా పండగ, బూడిద వేసి బండకేసి రుద్దితే గానీ జిగురు పోదు. అది అటుంచితే, బుల్లోడూ, అసలు అడగాల్సింది నువ్వు అడగలా. రెండేళ్ళ కింద మా మరిది రాడ్ వెనక్కి విసిరినాడు, మా వాడు వెనకాలే నిలబడి ఉండాడు. గాలం బొటనవేలి కండలో దిగింది. మొన పక్కన వెనక్కి తిరిగిన ముల్లు ఉండే గాలం వెనక్కి రాదు. ఆస్పత్రిలో మత్తు సూదేసి, ముల్లుని అవతలి వైపుకి పొడిచి, కట్టర్‌తో తుంచి తీసినారు. వాడి అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పటకారుతో గాలం ముల్లుని నొక్కేసి చదును చెయ్యి. చేపలు రెండు జారిపోతే పోయె.

బుచ్చి_బుల్లోడు:
అక్కా, ఇది నాకు తట్టనే లేదు. తప్పకుండా నొక్కేస్తా.

ఒంగోలు_గిత్త:
చేపల వేట మీద నిషేధం ఉంటుంది కదా, చూసుకొని పోండి.

కార్బన్_గాలం:
అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో మరబోట్లకి. చెరువు గాలానికీ దానికీ సంబంధం లేదు.

చెరువు_గట్టు:
రాడ్ కొనేట్టయితే ఒక మాట. అది కార్బన్‌దైతే కరెంటు తీగల కింద పైకెత్తొద్దు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. కట్టల మీద తీగలు కిందకి వేలాడతా ఉంటాయి. తూముల కాడ పిల్లల్ని నిలబెట్టొద్దు, రాళ్ళు పాకుడు పట్టి ఉంటాయి.

పెన్నా_ఒడ్డు:
చూసినావా అబ్బాయ్! వెదురుకి ఆ బాధ లేదు. ఇంకోటి కూడా చెప్తా. పోయిన సంక్రాంతికి ఇట్టాంటి రీల్ రాడ్ల బాబులు ముగ్గురు కారులో దిగినారు. నేను పొద్దున్నించీ కూర్చున్న చోటికి అడ్డంగా విసిరి, నా దారం వాళ్ళ దారంలో మెలేసి, "అంకుల్, మీరు కాస్త అటు జరగండి" అన్నారు. నా చెరువులో నన్ను జరగమంటారా? అప్పట్నుంచీ ఆ గిరగిరల శబ్దం వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

కార్బన్_గాలం:
ఎవరో చేసిన దానికి నన్నెందుకు తిడతారు? నేను కందుకూరు పిల్లోణ్ణే, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఏడాదికి రెండుసార్లు వస్తా. వచ్చినప్పుడల్లా ఇదే మాట: "పట్నం వాళ్ళు, కార్ల వాళ్ళు". రాడ్ నా జీతంతో కొనుక్కున్నా, ఎవర్నీ అడగలా. చెరువు నీ ఒక్కడిదా?

పెన్నా_ఒడ్డు:
"నీ" అంటావా? మర్యాద తప్పొద్దు.

కార్బన్_గాలం:
సరే, "మీ". బొచ్చె మాత్రం వానపాము తినదు.

ఉలవపాడు_మామిడి:
గమ్మునుండండయ్యా ఇద్దరూ. ఎండు మామిడి ఒరుగులు వేస్తే పులుసు బాగుంటుందా?

చెరువు_గట్టు:
ఇంతసేపూ చదవతా ఉండా. ఒకాయన "నా చెరువు" అంటాడు, ఇంకొకాయన "నీ ఒక్కడిదా" అంటాడు. ఆ చేప ఎవరిదని ఒక్కరన్నా అడగలా. మాది జాలర్ల కుటుంబం. మా ఊరి చెరువు మా మత్స్యకార సంఘానికి లీజు. కార్తీకంలో వానలు పడి చెరువు నిండినాక చేపపిల్లలు కొనుక్కొచ్చి వదలతాం. లీజు డబ్బులకి అప్పు, చేపపిల్లలకి అప్పు. నీళ్ళు తీసిపొయ్యి ఏప్రిల్, మే నెలల్లో వల లాగితే గానీ పైసా రాదు. సంక్రాంతికి మా బొచ్చె పిల్ల అరచెయ్యంత ఉంటుంది. మీరు నిమ్మకాయంత ముద్ద వేసి "పొగకి వస్తుంది" అంటా ఉండారే, ఆ పొగకి వచ్చేది అదే. ఇప్పుడు పట్టుకుంటే వంద గ్రాములు, మే దాకా వదిలేస్తే కేజీ. పోయినేడు ఆదివారాలు కార్లు కట్ట మీద బారులు తీరినాయి. మా నాయన వద్దని చెప్పబోతే, "గవర్నమెంటు నీళ్ళు, నువ్వెవడివి?" అన్నాడొకడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఇంటికొచ్చి అన్నం తినలా ఆ రోజు.

కార్బన్_గాలం:
మీ నాన్నగారిని అట్టా అన్నది తప్పే. కానీ లెక్క మీరే చూడండి. పిల్లలతో పొయ్యి నాలుగు చేపలు పడితే సంఘం మునిగిపోతుందా? నీటికాకులు రోజుకి ఎన్ని తినవు!

చెరువు_గట్టు:
నీటికాకికి ఫోన్ లేదు సామీ. నువ్వు నాలుగు పట్టి ఫోటో పెడితే మళ్ళీ ఆదివారం నలభై మంది వస్తారు.

పెన్నా_ఒడ్డు:
గట్టు అబ్బాయ్, నీ బాధ నాకు అర్థమైంది. కానీ గాలానికి అడ్డం చెప్పడం మా కాలంలో లేదు. వలకి లీజు, గాలానికి కాదు. ఇంటికి కూరకని ఒకటో రెండో పట్టుకునే హక్కు ఊళ్ళో ప్రతివాడికీ ఉన్నిందే.

చెరువు_గట్టు:
మీ కాలంలో చెరువులో చేప దానంతట అది పుట్టేది పెద్దాయనా. కొరమీను, జెల్ల, పరిగె, వాలుగ. వాటిమీద మీ హక్కు మేము కాదనం. ఇప్పుడుండే బొచ్చె, శీలావతి చెరువులో పుట్టినవి కావు, అప్పు చేసి తెచ్చి వదిలినవి. నాటిన చేలో వంకాయ కోస్తే కత్తితో కోసినావా, గోరుతో కోసినావా అని చూస్తారా? సరే, అడగతా ఉండా, ఆ నాలుగు కేజీల బొచ్చె ఏ చెరువులో పట్టినారు?

ఒంగోలు_గిత్త:
ఇప్పుడు పడింది గాలం 😀

పెన్నా_ఒడ్డు:
చెరువులో కాదు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే కలుజు ఉందే, దాని కింద వాగులో పట్టినా. కలుజు దాటిన చేప ఎవడి సొత్తూ కాదు, ఆ మాట ఏ పెద్దమనిషినైనా అడుగు. మర్యాదగా ఉండేవాడిని దొంగ అంటావా?

చెరువు_గట్టు:
దొంగ అనలా. కలుజు పారిన రాత్రి మేము నిద్రపోము, ఆ సంగతి చెప్తా ఉండా అంతే. చేప ఎదురు నీళ్ళకి, పారే నీళ్ళకి పరుగు తీస్తుంది. అడ్డంగా వల కడతాం, చెత్త కొట్టుకొచ్చి వల తెగుతుంది, ఏడాది కష్టం వాగులో పోతుంది. కింద టార్చిలైట్లు వేసుకుని సంచులతో నిలబడి ఉంటారు. అందరూ మర్యాదస్తులే. దాటినాక మాది కాదనే మాట మా నాయన కూడా ఒప్పుకుంటాడు. నేను ఒప్పుకోను.

కావలి_కోడలు:
ఇంత దూరం వచ్చినాక ఒక మాట. పాపం బుల్లోడు అడిగింది నలుగురు పిల్లకాయల గురించి. వాళ్ళకి నాలుగు కేజీల బొచ్చె పడితే గెడతో పాటు నీళ్ళలోకి పోతారు.

బుచ్చి_బుల్లోడు:
నిజం చెప్పాలంటే మా ఊరి చెరువు లీజులో ఉందో లేదో నేను ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడే నాన్నని అడిగితే "ఉంది, అందుకే వెదురు నరికినా" అన్నాడు. ఏందో అర్థం కాలా.

చెరువు_గట్టు:
నాకు అర్థమైంది. మీ నాయనకి తెలుసు. చిన్న గాలం, చిన్న వానపాము ముక్క, గట్టు పక్కన తుంగ కాడ మోకాలి లోతులో వేస్తే పడేది తిలాపియా, పరిగెలు. సూళ్ళూరుపేట పక్క జిలేబి అంటారే, అదే. తిలాపియాని మేము వదలం, దానంతట అదే పెరిగి మా చేపపిల్లలు తినాల్సిన మేత తింటుంది. ఎన్ని పట్టుకుపోతే మాకు అంత మేలు. పిల్లకాయలకి కూడా నిమిషానికొకసారి బెండు మునగతా ఉంటేనే సరదా, బొచ్చె కోసం మూడు గంటలు కూర్చోమంటే ఎవడు కూర్చుంటాడు? చలికాలం పొద్దున్నే ఏదీ మేత ముట్టదు, పది దాటి ఎండెక్కినాక పోండి. ముందు రోజే సంఘం మనిషికి ఒక మాట చెప్పండి. రిజర్వాయర్‌కి పోయినా సరే, అక్కడ వల వేసేవాళ్ళని అడిగి వెయ్యండి. బొచ్చె పిల్లో, శీలావతి పిల్లో పొరపాటున పడితే చెయ్యి తడుపుకొని పట్టుకుని నీళ్ళలోనే వదిలెయ్యండి. పొడి చెయ్యి పెడితే పైన జిగురు పొయ్యి పుండు పడుతుంది.

కార్బన్_గాలం:
అడిగి వెయ్యాలి అనే దాకా ఒప్పుకుంటా. రీల్ రాడ్ అయితే దొంగ, వెదురు గెడ అయితే మంచోడు అనేది ఒప్పుకోను. ఫీజు పెట్టండి, రోజుకి ఇంత అని రసీదు ఇవ్వండి, కట్టి కూర్చుంటా.

చెరువు_గట్టు:
ఆ మాట మా మీటింగులో నేను రెండుసార్లు చెప్పినా. పెద్దోళ్ళు వినలా. రసీదు ఇస్తే జనం ఇంకా ఎక్కువ వస్తారంటారు. నీ రాడ్ మీద నాకేం కోపం లేదు, తీగల కింద మాత్రం ఎత్తొద్దు.

బుచ్చి_బుల్లోడు:
బావతో మాట్లాడినా. రబ్బరు చేపలు, స్ట్రాబెర్రీ పిండి వద్దన్నా. ఒక్క రీల్ రాడ్ మాత్రం కొంటాడంట, తనకోసం. నాన్న ఇంకో మూడు గెడలు నరికినాడు. ముల్లు నొక్కే పని నాది. తోమే పని కూడా మగాళ్ళదే అని అక్క ఇప్పుడే గ్రూపులో పెట్టింది.

కావలి_కోడలు:
మీ అక్క నంబర్ ఇయ్యి నాకు.

పెన్నా_ఒడ్డు:
అన్నీ బాగుండాయి. ఎవరైనా ఒకసారి బొచ్చెకి వానపాము వేసి చూసి రాయండి. వాగులోనే వెయ్యండి.