అప్‌డేట్: పెళ్లి ఆర్కెస్ట్రాకి అకౌస్టిక్ డ్రమ్సా, ఎలక్ట్రానిక్ డ్రమ్సా?

చిన్న ఫంక్షన్ హాళ్లలో అకౌస్టిక్ కిట్ (కరెంటు అక్కర్లేని మామూలు డ్రమ్స్) మోతకి సింగర్ గొంతు వినపడట్లేదని, అద్దెకి తెచ్చిన ఎలక్ట్రానిక్ కిట్‌తోనేమో పాట తేలిపోతోందని, పైగా స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తోందని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

చివరికి రెండూ కలిపేశాం. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (చిన్న డ్రమ్), హైహ్యాట్ (జంట తాళాలు) అకౌస్టిక్‌వే. డప్పు, డోలక్, తబలా సౌండ్లకి పక్కన ఆక్టాప్యాడ్ (కొడితే రకరకాల వాయిద్యాల సౌండ్లు ఇచ్చే ఎలక్ట్రానిక్ ప్యాడ్). స్టిక్స్ బదులు రాడ్స్ వాడమన్న సలహా బాగా పనిచేసింది. సన్నటి పుల్లల్ని కట్టగా కట్టి ఉంటాయి కాబట్టి దెబ్బ తెలుస్తుంది, మోత తగ్గుతుంది. సింగర్ మైక్‌లో దూరేది ఎక్కువగా క్రాష్ సింబలే (గట్టిగా మోగే లోహపు పళ్లెం). దాన్ని వెనక్కి జరిపాం.

పాట తేలిపోవడానికి కారణం సౌండ్ ఇంజనీర్ పట్టుకున్నారు. ఎలక్ట్రానిక్ కిట్ సౌండ్ జనం వైపు స్పీకర్లకి వెళ్తోంది, డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్‌లో వస్తోంది, మిగతా స్టేజీకి మాత్రం లేదు. కీబోర్డు, బేస్ వాళ్ల మానిటర్లలో (స్టేజీ మీద వాళ్లకి వినపడే స్పీకర్లలో) కిక్, స్నేర్ ఇవ్వగానే అందరూ తాళంలోకి వచ్చేశారు.

హమ్ అయితే, కిట్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ని విడదీసేది) నొక్కితే పోయింది. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమన్నవాళ్లకి దండం, ఆ పని ఎవరూ చేయొద్దు, షాక్ కొడుతుంది. ఖరీదైన మాడ్యూల్ (ఎలక్ట్రానిక్ కిట్ సౌండ్లు పుట్టించే డబ్బా), మెష్ హెడ్స్ (ప్యాడ్ల మీద వల లాంటి తొడుగులు) గురించి జరిగిన చర్చంతటికీ మా సమస్యతో సంబంధమే లేదు.

ఆరుబయట ప్రోగ్రాములకి మాత్రం పూర్తి అకౌస్టిక్ కిట్టే, స్టిక్స్‌తోనే.