ఆ సొరుగులు చేసిన చేతుల గురించి తెలిసినవారు చెప్పగలరా?

పాత ఇంగ్లిష్ ఫర్నిచర్ అంటే నాకు పిచ్చి. ఈ మధ్య 18వ శతాబ్దపు సొరుగుల బల్ల ఒకటి దగ్గరగా చూసే అవకాశం దొరికింది. పైన అద్దంలా నునుపు. సొరుగు బయటికి లాగి తిప్పి చూస్తే, అడుగు చెక్క మీద చిత్రిక గాట్లు వేలికి తగిలాయి. మూల అతుకు దగ్గర కొలత కోసం పెట్టిన సన్నని గీత కూడా అలాగే ఉంది. అప్పటి నుంచి బల్ల కంటే దాన్ని చేసిన మనిషే మనసులో మెదులుతున్నాడు.

కార్ఖానా యజమానుల కథలు ఎలాగూ దొరుకుతాయి. ఆనాటి ప్రసిద్ధ ఫర్నిచర్ తయారీదారు థామస్ చిప్పెన్‌డేల్ ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు పోయాడో అందరూ రాశారు. కానీ 1755లో లండన్‌లోని ఆయన కార్ఖానా తగలబడినప్పుడు 22 మంది పనివారి పనిముట్ల పెట్టెలు కాలిపోయాయట. అది చదివి ఆగిపోయాను. ఉలి, రంపం లేని వడ్రంగికి మర్నాడు పని ఎవరిస్తారు? ఫర్నిచర్ నమూనాలు గీసి పేరు మోసిన థామస్ షెరటన్ కూడా 1806లో పేదరికంలోనే కన్నుమూశాడు. ఇక పేరు లేనివారి సంగతి?

నాకు కావలసినవి ఇవి: ఏళ్ల తరబడి శిష్యరికం చేసిన కుర్రాళ్లకు తిండి, పడక ఎవరు చూసేవారు? ఇత్తడి, కంచు అలంకారాలకు పాదరసంతో బంగారు పూత వేసేవారు ఆ పొగకు రోగాల పాలయ్యేవారు కదా, వారి గురించి ఎవరైనా వివరంగా రాశారా? సంతకాలు చేసిన గొప్పవారి జీవితచరిత్రలు వద్దు, దయచేసి. కూలి లెక్కలు, ఉత్తరాలు, వీలునామాలు చదివినవారు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.