80ల అమెరికా చిన్న ఊళ్ళ కుర్రకారు సినిమాలు: ఇప్పుడు చూస్తే నిలుస్తున్నాయా?

పాతవీసీఆర్:
శనివారం రాత్రి మా అమ్మాయితో కూర్చుని ‘ఫుట్‌లూజ్’ (1984) మళ్ళీ చూశాను. ఒకప్పుడు మా ఊళ్ళో క్యాసెట్ అద్దెకు తెచ్చుకుని, బొమ్మ వణుకుతున్నా మూడుసార్లు చూసిన సినిమా. డాన్సు నిషేధించిన పల్లెటూరికి షికాగో నుంచి ఒక కుర్రాడు దిగుతాడు, అదీ కథ. డైలాగులు సగం అర్థమయ్యేవి కావు, అయినా ఆ కోపం మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఇప్పుడేమో, కెవిన్ బేకన్ ఖాళీ గోడౌన్‌లో ఒక్కడే ఎగిరే సీను రాగానే మా పిల్ల పకపకా నవ్వింది. “నాన్నా, కోపమొస్తే ఎవరైనా కడ్డీ పట్టుకుని గిరగిరా తిరుగుతారా?” అంది. ఆ సీన్‌లో డూపులు కూడా ఉన్నారని చెప్పాను, ఇంకా నవ్వింది. నా పరువు పోయింది.

ఈ బాపతు సినిమాలు ఈ మధ్య మళ్ళీ చూసినవాళ్ళున్నారా? ఏవి తట్టుకున్నాయి, ఏవి తేలిపోయాయి?

మూడోషిఫ్ట్:
నా ఓటు ‘ఆల్ ది రైట్ మూవ్స్’ (1983)కి. టామ్ క్రూజ్ ఇంకా మామూలు మనిషిలా కనిపించిన రోజులు. నేను పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటాను. సినిమా తీసిన జాన్స్‌టౌన్ మాకు గంటన్నర దూరం. ఒకసారి పనిగట్టుకుని వెళ్ళాను. కొండ మీద నుంచి చూస్తే లోయలో నది, దాని పక్కనే తుప్పు రంగులో పొడుగ్గా స్టీల్ మిల్లు షెడ్లు. సినిమాలో ఊరికి వేరే పేరు పెట్టారు కానీ, ఆ బూడిద రంగు సెట్టింగ్ కాదు. తీసే నాటికే అక్కడి మిల్లుల్లో ఉద్యోగాలు ఊడిపోతున్నాయి.

అందులో హీరో స్టెఫ్ ఫుట్‌బాల్ ఆడేది పేరు కోసం కాదు, ఇంజినీరింగ్ సీటు కోసం! మనకి ఎంసెట్ ర్యాంకు ఎలాగో వాడికి స్కాలర్‌షిప్ అలాగ. కోచ్‌తో ఒక్కసారి నోరు జారతాడు, అంతే, వీడు తలబిరుసని ఆయన కాలేజీలకు చెప్పేస్తాడు. ఫోన్లు ఆగిపోతాయి. ఇంటర్నల్ మార్కులు చేతిలో పెట్టుకుని ఆడించిన మా హెచ్ఓడీ గుర్తొచ్చి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

చెడగొట్టింది ముగింపు. అదే కోచ్ కాలిఫోర్నియాలో కొత్త ఉద్యోగం సంపాదించి, వచ్చి వీడికీ సీటిస్తానంటాడు. ముడి వేయడానికి గంటన్నర, విప్పడానికి ఐదు నిమిషాలు. మిల్లులో మిగిలినవాళ్ళ సంగతి ఎవడికీ పట్టదు.

వెనకబెంచీ:
అన్నా, ‘ఫుట్‌లూజ్’ నాకు వేరే సినిమా. మా నాన్నగారు పాస్టరు. మా ఇంట్లో సినిమా పాపం, టీవీ సగం పాపం. పక్కింట్లో రేడియోలో పాట వస్తే నా కాలు ఆడేది, అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి ఆపేది. ఈ సినిమా హాస్టల్లో చూశాను. అందరూ హీరోని చూస్తుంటే నేను డాన్సుని పాపమనే పాస్టరు రెవరెండ్ మూర్‌నే చూశాను.

ఆ పాత్ర వేసిన జాన్ లిత్‌గో ఆయన్ని విలన్‌గా చేయలేదు. కొడుకు డాన్సుకి వెళ్ళి తిరిగొస్తూ వంతెన మీద కారు ప్రమాదంలో పోయాడు, ఆ దుఃఖాన్ని ఆయన ఊరికి చట్టంగా మార్చాడు. చివర్లో ఊళ్ళోవాళ్ళు లైబ్రరీ పుస్తకాలు తగలబెడుతుంటే పరుగున వచ్చి ఆపేదీ ఆయనే. తను చెప్పిన మాట తన చేతులు దాటిపోయిందని ఆయనకి తెలిసిన క్షణం అది. మా నాన్నగారి ముఖంలో అలాంటిది ఒక్కసారే చూశాను. ఎప్పుడో ఇక్కడ రాయను.

ఊరి కౌన్సిల్ ముందు డాన్సు కోసం వాదిస్తూ ఆ కుర్రాడు బైబిలు తెరిచి 149వ కీర్తన, దావీదు నాట్యమాడిన సంగతి చదువుతాడు చూడండి, హాస్టల్లో నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. మిగతావాళ్ళకి అదేంటో తెలియదు!

నిమ్మసోడా:
అందరూ మురిసిపోతున్నారు కాబట్టి నేను కాస్త ఉప్పు వేస్తా. ‘ఫుట్‌లూజ్’లో ఏరియల్ ఆ పాస్టరు మూర్ కూతురు. చచ్చిపోయింది ఆమె అన్న. లాజిక్ ప్రకారం కోపం ఆమెది, కథ ఆమెది. కదిలే బండ్ల మధ్య కాళ్ళు చాపి నిలబడి, ఎదురుగా లారీ వస్తున్నా అరుస్తుంది. ఆ పిల్లకి ఏమైందని ఊళ్ళో ఒక్కరూ అడగరు. పాత బాయ్‌ఫ్రెండ్ కొడతాడు, తండ్రి చెంప పగలగొడతాడు, సినిమా మాత్రం చకచకా ముందుకెళ్ళిపోతుంది. ప్రసంగం చేసేదేమో నిన్నగాక మొన్న ఊళ్ళోకి వచ్చిన అబ్బాయి.

ఇంకొకటి. హీరో తన స్నేహితుడు విల్లర్డ్‌కి డాన్సు నేర్పే సీను అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. వెనకాల పాట డెనీస్ విలియమ్స్‌ది. నల్లవాళ్ళ గొంతు కావాలి, స్కూల్లో నల్ల పిల్లలు మాత్రం కనపడరు.

వెనకబెంచీ:
తండ్రి కొట్టే సీను గురించి ఒప్పుకుంటా. కానీ ఆ వాక్యాలకి గుర్తులు పెట్టి బైబిలు అతని చేతికిచ్చింది ఏరియలే. ఆయుధం ఆమెది.

నిమ్మసోడా:
అదే నా బాధ. ఆయుధం ఆమెది, మైకు అతనిది.

సైకిల్‌పంపు:
1979ది చెప్తే ఊరుకుంటారా? ఒక్క ఏడాదే కదా తేడా. ‘బ్రేకింగ్ అవే’. ఇండియానాలో బ్లూమింగ్టన్. ఊళ్ళో యూనివర్సిటీ, ఊరి చుట్టూ సున్నపురాయి క్వారీలు. రాయి కొట్టినవాళ్ళ పిల్లల్ని కాలేజీ పిల్లలు ‘కట్టర్లు’ అని వెక్కిరిస్తారు. హీరో డేవ్‌కి సైకిల్ పిచ్చి, ఇటలీవాడిలా మాట్లాడతాడు, తండ్రికి అది చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఒక రాత్రి తండ్రీకొడుకులు క్యాంపస్‌లో నడుస్తారు. ఈ బిల్డింగులకి రాయి కొట్టింది తామేనని, తీరా కట్టాక లోపలికి వెళ్ళడానికి తమకే మొహం చెల్లలేదన్నట్టుగా తండ్రి చెప్తాడు. మా నాన్న సెంట్రింగ్ పనిచేసేవాడు. నేను చదివిన కాలేజీ రెండో అంతస్తు స్లాబు ఆయనదే. ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు గేటు దగ్గరే నిలబడేవాడు. ఆ సీను నేను కూర్చుని చూడలేను, లేచి నీళ్ళు తాగొస్తాను.

పైగా మూడోషిఫ్ట్ గారి ఫిర్యాదుకి జవాబు ఇందులో ఉంది. డేవ్ ఊరు వదలడు, తన ఊరి యూనివర్సిటీలోనే చేరతాడు. ఆ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ ఊరికే రాలేదు.

మూడోషిఫ్ట్:
చూశానండీ, బాగుంటుంది. కానీ ఊళ్ళో యూనివర్సిటీ ఉన్నవాడికి ఉండిపోవడం తేలిక. జాన్స్‌టౌన్‌లో ఉండిపోయి ఏం చెయ్యాలి?

‘ఫుట్‌లూజ్’ గురించి ఒకటి. దానికి మూలం ఓక్లహోమాలోని ఎల్మోర్ సిటీ. అక్కడ 19వ శతాబ్దం నుంచీ డాన్సు నిషేధం. 1980లో స్కూలు పిల్లలు అడిగితే స్కూల్ బోర్డు ఓటేసి ఒప్పుకుంది. ట్రాక్టర్ల పందెం, కొట్లాటలు అన్నీ సినిమావాళ్ళ కలుపుడే. నాకైతే ఆ బోర్డు మీటింగే సినిమాగా తీయాలనిపిస్తుంది.

నిమ్మసోడా:
తీస్తే మీరొక్కరే చూస్తారు.

పాతవీసీఆర్:
మూడోషిఫ్ట్ తమ్ముడూ, నీ మాట నమ్మి ఈ శనివారం ‘ఆల్ ది రైట్ మూవ్స్’ పెట్టాను. పద్నాలుగేళ్ళ పిల్ల, పక్కన మా అత్తగారు. హీరో, హీరోయిన్ ఉన్న ఆ బెడ్‌రూమ్ సీను సంగతి ఒక్క ముక్క చెప్పలేదేం? రిమోట్ సోఫా సందులో పడింది. నేను సందులో చెయ్యి పెట్టి వెతుకుతూనే ఉన్నా, సీను నడుస్తూనే ఉంది.

మూడోషిఫ్ట్:
సారీ అన్నా! నేను చూసింది టీవీలో కట్ చేసి వేసినది. అత్తగారు ఏమన్నారు?

పాతవీసీఆర్:
“ఫుట్‌బాల్ సినిమా అన్నావు కదయ్యా” అన్నారు.