యార్క్‌లో ఒక్కరోజు: మంచి పాతకాలపు పబ్‌లు చెప్పండి

నమస్కారమండీ. వచ్చే శనివారం మా బావగారు, నేను లీడ్స్ నుంచి రైల్లో యార్క్ వెళ్తున్నాం. ఆయన గుంటూరు నుంచి మొదటిసారి వచ్చారు. చెవులు పగిలే పాటలుండే బార్లు హైదరాబాద్‌లోనే చూసేశారు. చెక్క గోడల మధ్య, హ్యాండ్ పంపుతో గ్లాసులోకి లాగి పోసే కాస్క్ ఏల్ (పీపాలోనే పులిసే సంప్రదాయ బీరు) ఆయనకి రుచి చూపించాలని నా ఆశ.

ఫాస్‌గేట్ వీధిలోని బ్లూ బెల్ పబ్ ఖాయం. 1903 నాటి లోపలి అమరిక ఇప్పటికీ అలాగే ఉంది. పక్కవాళ్ల మోచేయి తగిలేంత ఇరుకు గది. పోయినసారి పక్కన కూర్చున్న పెద్దాయన తనంతట తానే పలకరించి, ఏ బీరు తీసుకోవాలో చెప్పారు. ఆ ఆప్యాయత ఉన్న చోట్లు ఇంకేమున్నాయి? స్టోన్‌గేట్‌లో వీధికి అడ్డంగా బోర్డు ఉండే ఓల్డ్ స్టార్ ఇన్‌లో శనివారం రద్దీకి కూర్చోడానికి చోటు దొరుకుతుందా?

ఇంకో ముఖ్యమైన విషయం. బావగారు పక్కా శాకాహారి. కాస్క్ ఏల్‌ని తేటపరచడానికి చాలాచోట్ల చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారు. తెలియక తాగించానంటే జన్మలో నన్ను నేను క్షమించుకోలేను. అది వాడని ఏల్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. సాయంత్రం ఏడింటికల్లా స్టేషన్‌లో ఉండాలి.