బోరు నీళ్ళ ఇంటికి టాప్ లోడ్ మెషీన్: ఎన్ని కేజీలు, పల్సేటరా ఎజిటేటరా?

కేఆర్‌పురం_మూడో_అంతస్తు:
బెంగళూరు కేఆర్ పురంలో అద్దె ఇల్లు. నలుగురం. వాడకానికి బోరు నీళ్ళు, ఎండాకాలం ట్యాంకర్. ట్యాంకు సరిగ్గా మా నెత్తిన, టెర్రస్ మీద ఉంది. పైనుంచి బట్టలు వేసే మెషీనే కావాలి. అమ్మ వంగలేదు, మధ్యలో మూత తీసి ఇంకో చొక్కా పడేసే వీలూ ఉండాలి. రోజువారీ బట్టలు, నూలు చీరలు, పంచెలు, స్కూలు యూనిఫారాలు, అప్పుడప్పుడు దుప్పట్లు. 7 కేజీలా, 8 కేజీలా? సెమీనా, ఫుల్లీ ఆటోమేటిక్కా? ఎజిటేటర్ ఉన్నది బాగా ఉతుకుతుందంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

టబ్_బేరింగ్:
కంపెనీ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు టేపు తీసుకుని యుటిలిటీలోకి వెళ్ళి, మురికినీళ్ళు పోయే పైపు నోరు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. చాలా టాప్ లోడ్ మెషీన్లలో డ్రెయిన్ పంపు ఉండదు. అడుగున వాల్వు తెరుచుకుంటే నీళ్ళు వాటంతట అవే పల్లానికి జారిపోవాలి. పైపు నేలబారుగా ఉండాలి, చివర నాలుగైదు అంగుళాలకు మించి లేవకూడదు. అపార్ట్‌మెంట్లలో గోడలోంచి వచ్చే డ్రెయిన్ నోరు తరచూ రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అందులోకి పైపు దూర్చితే టబ్బులో సగం నీళ్ళు అలాగే నిలిచిపోయి, స్పిన్ మొదలుకాక ఎల్‌జీలో అయితే ఓఈ, శామ్‌సంగ్‌లో 5సీ అనే ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. మెషీన్ తప్పేమీ ఉండదు. సెమీకీ ఇదే రూలు, దాని పైపు కూడా నేల మీదికి దింపాల్సిందే.

నలుగురికి 7 లేదా 7.5 కేజీలు చాలు. ఆ లెక్క పొడి బట్టల బరువు. డబుల్ బెడ్ దుప్పట్లు, మందపాటి బొంతలు ఇంట్లోనే ఉతకాలంటే 8 తీసుకోండి. బొంత 7 కేజీల టబ్బులో పట్టినా లోపల తిరగదు, మధ్యభాగం మురికిగానే మిగులుతుంది.

ఎజిటేటర్ అంటే టబ్బు మధ్యలో నిలబడే స్తంభం. మురికి బాగా రుద్దుతుంది, నిజమే. కానీ చోటు తినేస్తుంది, ఐదున్నర మీటర్ల చీర దాని చుట్టూ చుట్టుకుంటే విప్పడం పెద్ద పని. మీ బట్టలకు పల్సేటరే నయం, అంటే స్తంభం లేకుండా టబ్బు అడుగున తిరిగే పళ్ళెం. చీరని మడతపెట్టి జాలీ సంచిలో వేయండి. సంచికి ఒకటే చీర.

నీళ్ళ_లెక్క:
పై మాటకి ఇంకొకటి కలుపుతాను. మీ ఏరియాలో బోరు నీళ్ళంటే ఉప్పునీళ్ళే, అంటే సున్నం ఎక్కువున్న కాఠిన్యత నీళ్ళే అనుకుని కొనండి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన కాఠిన్యత పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 వరకు. నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఈ లెక్క చెప్పదు, కాఠిన్యత చూసే స్ట్రిప్పులు వేరే ఉంటాయి, అవి తెప్పించుకోండి.

ఇలాంటి నీళ్ళకి హీటర్ లేని టాప్ లోడ్ ఒకరకంగా మంచి ఎంపిక. నీళ్ళు కాగితే సున్నం ముందు పేరుకునేది హీటర్ రాడ్డు మీదే. రాడ్డు లేకపోతే ఆ తలనొప్పి ఒకటి తగ్గినట్టే. హీటరున్న మోడల్‌కి 16 ఆంపియర్ల సాకెట్టు కూడా కావాలి, అద్దె ఇళ్ళ యుటిలిటీలో అది అరుదు.

అయితే పల్సేటర్ కింద పేరుకునేదాన్ని ఎవరూ పట్టించుకోరు. కాలర్లకి బార్ సబ్బు రుద్ది అలాగే మెషీన్‌లో వేస్తారు కదా, ఆ సబ్బు నీళ్ళలోని కాల్షియంతో కలిసి కరగని తెట్టు అవుతుంది. నలుపు బట్టల మీద బూడిద చారలు, టబ్బులో ముక్క వాసన దానివల్లే. కాలర్లకి లిక్విడ్ డిటర్జెంట్ వాడండి. నెలకోసారి ఖాళీ టబ్బులో 100 గ్రాముల సిట్రిక్ యాసిడ్, రెండు బకెట్ల వేడినీళ్ళు పోసి, మిగతాది కుళాయి నీళ్ళతో నింపి టబ్ క్లీన్ పెట్టండి. రాత్రంతా నానబెట్టకండి. టబ్బుని కిందనుంచి పట్టి ఉంచే అల్యూమినియం ఫ్లాంజ్‌ని యాసిడ్ తినేస్తుంది. బ్లీచింగ్‌తో మాత్రం పొరపాటున కూడా కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

కేఆర్‌పురం_మూడో_అంతస్తు:
కొలిచాను. గోడలో డ్రెయిన్ నోరు 72 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. పక్కనే నేల మీద జాలీ కూడా ఉంది. యుటిలిటీ కుళాయి కింద 10 లీటర్ల బకెట్ నిండడానికి దాదాపు మూడు నిమిషాలు పట్టింది. ఇది సరిపోతుందా?

టబ్_బేరింగ్:
జాలీ ఉంది కాబట్టి డ్రెయిన్ సమస్య తీరిపోయింది. పైపు దాంట్లోకే వదలండి, మధ్యలో ఎక్కడా వంపు లేవకూడదు. జాలీ మీద పీచు పేరుకుంటే నీళ్ళు వెనక్కి తంతాయి, వారానికోసారి తీసేయండి. జాలీ లేకపోయుంటే డ్రెయిన్ పంపు ఉన్న మోడల్ అని అడిగి మరీ తీసుకోవాల్సి వచ్చేది.

కుళాయి ధారే అసలు ఇబ్బంది. మూడు నిమిషాలకి 10 లీటర్లంటే టబ్బు నిండా 50 లీటర్లు రావడానికి పావుగంట. ఉతకడానికోసారి, జాడించడానికి రెండుసార్లు, మొత్తం నింపడానికే 45 నిమిషాలు. గడువులోగా నిండకపోతే ఎల్‌జీ ఐఈ అంటుంది, శామ్‌సంగ్ 4సీ అంటుంది.

ట్యాంకు నెత్తిన ఉంటే ప్రెషర్ ఎక్కువ అనుకుంటారు, నిజానికి తక్కువ. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితేనే 1 బార్ ప్రెషర్. మీ కుళాయికీ ట్యాంకులో నీటిమట్టానికీ మధ్య మూడు మూడున్నర మీటర్లుంటే 0.35 బార్ వస్తే గొప్ప. చాలా మోడళ్ళు 0.3 నుంచి 0.5 దాకా అడుగుతాయి. ఆ అంకె మాన్యువల్‌లో ఉంటుంది, కొనే ముందే చూడండి. ప్రెషర్ చాలకపోతే నీళ్ళు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వు పూర్తిగా మూసుకోదు కూడా. ఆపేసిన మెషీన్‌లోకి చుక్కచుక్కగా నీళ్ళు చేరుతుంటాయి.

పంపు దాకా పోకముందు కుళాయి మార్చి చూడండి. పాత స్క్రూ కుళాయి తీసి ముప్పావు అంగుళం మర ఉన్న, పావు చుట్టు తిప్పితే తెరుచుకునే క్వార్టర్ టర్న్ మెషీన్ కుళాయి పెట్టించండి. నాలుగు స్క్రూలతో బిగించే అడాప్టర్ వద్దు, ఎప్పుడో ఒకరోజు ఊడిపోయి ఇల్లంతా నీళ్ళవుతుంది. పైపు మొదట్లోనూ వాల్వు నోట్లోనూ ఉండే చిన్న జల్లెడల్లో ట్యాంకర్ ఇసుక ఇరుక్కుంటుంది, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పోతుంది. అప్పటికీ ధార పెరగకపోతే ఇంటాయన్ని అడిగి చిన్న ప్రెషర్ పంపు పెట్టించండి.

సెమీ_చాలు:
పంపుకి ఇంటాయన ఒప్పుకోకపోతే సెమీ గురించి ఆలోచించండి. దానికి వాల్వు ఉండదు, బకెట్‌తో పోసినా నడుస్తుంది. ట్యాంకర్ రోజుల్లో ఒకే సబ్బు నీళ్ళలో ముందు తెల్లబట్టలు, తర్వాత రంగువి, చివర కాలిపట్టాలు ఉతుక్కోవచ్చు. ఫుల్లీ టాప్ లోడ్ ఒక వాయికి 100 లీటర్లు దాటిస్తుంది. రిపేరు కూడా ఎక్కువగా కెపాసిటర్, బెల్టు, టైమరే. కెపాసిటర్ మారిస్తే పాతదాని మీదున్న మైక్రోఫ్యారడ్ అంకె, వోల్టేజీ కొత్తదానికీ ఉండాలి. కష్టమల్లా తడిబట్టలు ఒక టబ్బులోంచి ఇంకోదాంట్లోకి ఎత్తడమే. మీ అమ్మగారు ఆ పని చేయగలరా అన్నది మీరే చూసుకోవాలి.

నీళ్ళ_లెక్క:
ఎత్తడం కష్టమైతే కుళాయి, పంపు సంగతే తేల్చుకోండి, సెమీ వైపు వెళ్ళకండి.

ఇన్వర్టర్ మోటారున్న మెషీన్ గురించి ఎవరూ చెప్పలేదు. చప్పుడు తక్కువ, కరెంటు కొంత ఆదా. 10 ఏళ్ళ వారంటీ అని పెద్దక్షరాలతో రాసేది మోటారుకి మాత్రమే, మెషీన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకి (పీసీబీ) కాదు. బిల్లు మీద రెండూ విడిగా రాయించుకోండి. ఎర్తింగ్ లేని సాకెట్టుకి మాత్రం ఏ మెషీనూ పెట్టకండి.

టబ్_బేరింగ్:
బిగించేటప్పుడు పక్కనే ఉండండి. టబ్బు కదలకుండా పెట్టిన ప్యాకింగ్ మొత్తం తీశారా, అడుగున ఎలుకలు దూరకుండా పలక బిగించారా చూసుకోండి. చక్రాల స్టాండు అంటగడతారు, వద్దనండి. స్పిన్‌లో కదిలిపోతుంది. ముందు కాళ్ళు తిప్పి మట్టం చేయించి, రెండు తడి తువ్వాళ్ళు వేసి స్పిన్ ఒకసారి నడిపించండి. మూత ఎత్తితే పైన అల్మరాకి తగలకుండా చోటుందా అన్నది కొనకముందే చూసుకోవాలి. రెయిన్‌కోట్లు, వాటర్‌ప్రూఫ్ పరుపు తొడుగులు స్పిన్‌లో వేయొద్దని అమ్మగారికి చెప్పండి. నీళ్ళు లోపలే గుమ్మటంలా నిలిచి టబ్బు ఒక్కసారిగా ఒక పక్కకి విసురుతుంది.