అప్‌డేట్: బుసాన్ వీకెండ్ ట్రిప్, టికెట్లు, టీ-మనీ, మ్యాప్ సంగతి తేలింది

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ప్రశ్న ఇది: సియోల్ నుంచి నలుగురం, శుక్రవారం సాయంత్రం కేటీఎక్స్ (హైస్పీడ్ రైలు) నిండిపోయింది, గూగుల్ మ్యాప్స్‌లో నడక దారి రావట్లేదు, సియోల్‌లో బస్సు, మెట్రోకి వాడే టీ-మనీ కార్డు బుసాన్‌లో చెల్లుతుందా అని.

పనిచేసింది ఎక్స్‌ప్రెస్ బస్సు సలహానే. నాలుగు గంటలు దాటుతుంది, పైగా దిగేది బీచ్ దగ్గర కాదు, ఊరికి ఉత్తరాన నోపోలో. అక్కడే చాలామంది తికమకపడతారు. అక్కణ్నుంచి బీచ్‌ల వైపు వెళ్లాలంటే, మెట్రో 1వ లైన్‌లో సొమ్యన్ దాకా వెళ్లి 2వ లైన్ ఎక్కడం చుట్టుదారి. యోన్సాన్‌లో 3వ లైన్‌కి మారి, సుయోంగ్‌లో 2వ లైన్ పట్టుకోవాలి. మారడం ఒకటి ఎక్కువైనా దూరం తగ్గుతుంది. గ్వాంగల్లీ బీచ్‌కి అయితే సుయోంగ్ తర్వాతి స్టేషన్ గ్వాంగాన్‌లోనే దిగాలి, ఇంకో బీచ్ హెయుందే వైపు రైలెక్కితే ఎదురు దిశ.

టీ-మనీ అక్కడా అదే కార్డు. వేరేది కొనక్కర్లేదు. స్టేషన్ మెషీన్‌లో రీఛార్జికి మాత్రం నగదు నోట్లు ఉంచుకోండి. మ్యాప్‌కి కొరియా యాప్ నేవర్ సరిపోయింది.

అద్దె కారు చర్చంతా వృథా, మెట్రో చాలు.

స్కై క్యాప్సూల్‌లో (హెయుందే దగ్గర తీరం వెంబడి పట్టాల మీద నడిచే చిన్న క్యాబిన్) నలుగురికి మించి పట్టరు, ధర మనిషికి కాదు, క్యాప్సూల్‌కి. ముందే బుక్ చేయండి. గ్వాంగల్లీ డ్రోన్ షో మామూలుగా శనివారం రాత్రి, గాలి ఎక్కువైతే రద్దు. ఈతకి సీజన్‌లో కూడా మామూలుగా సాయంత్రం 6 దాటితే నీళ్లలోంచి బయటికి పంపేస్తారు, కాబట్టి శనివారం పగలే కానిచ్చేయాలి.